పురుషులు, మహిళలు, వీల్‌చైర్ జట్లు ఒకే చోట: అంతర్జాతీయ రగ్బీ లీగ్ టోర్నీని ఎలా కూర్చాలి?

షెడ్యూల్‌కర్త

సభ్యులందరికీ నమస్కారం. వృత్తి ఆటగాళ్లు ఎక్కువగా లేని దేశాల కోసం ఒక అంతర్జాతీయ రగ్బీ లీగ్ టోర్నీ ముసాయిదా తయారు చేసే పని మా బృందం మీద పడింది. ఎనిమిది పురుషుల జట్లు, ఆరు మహిళల జట్లు, నాలుగు వీల్‌చైర్ జట్లు ఒకే నగరంలో, ఒకే కాలంలో ఆడాలన్నది ఉద్దేశం. శారీరక వైకల్యం ఉన్నవారు ఆడే పీడీఆర్‌ఎల్ మ్యాచ్‌లు కూడా ఒకటి రెండు చేర్చాలని ఉంది. 2021 ప్రపంచ కప్పు ఏడాది ఆలస్యంగా 2022లో ఇంగ్లండ్‌లో జరిగినప్పుడు పురుషుల, మహిళల, వీల్‌చైర్ పోటీలను తొలిసారి కలిపి నడిపారు. అందులో 32 జట్లు, 61 మ్యాచ్‌లు. మాది ఆ స్థాయి కాకపోయినా పద్ధతి అదే.

ప్రస్తుతానికి పురుషులకు నాలుగేసి జట్ల రెండు గ్రూపులు, ఆపైన సెమీఫైనల్, ఫైనల్ అనుకున్నాం. ఐదు రోజులకొక మ్యాచ్ చొప్పున 21 రోజుల్లో ముగుస్తుంది. మహిళలకు మూడేసి జట్ల రెండు గ్రూపులు. వీల్‌చైర్ మ్యాచ్‌లను మధ్యలో వచ్చే ఖాళీ రోజుల్లో సర్దవచ్చని మా బృందంలో ఒక అభిప్రాయం ఉంది. దీంట్లో ఎక్కడ ఇబ్బంది వస్తుందో మొహమాటం లేకుండా చెప్పండి.

ఆరో ట్యాకిల్

ఇబ్బంది ఆ ఐదు రోజుల దగ్గరే మొదలవుతుంది. పదమూడు మంది ఆడే పూర్తి స్థాయి మ్యాచ్ 80 నిమిషాలు సాగుతుంది, అంతసేపూ ఒకరినొకరు ఢీకొంటూనే ఉంటారు. వృత్తి ఆటగాళ్లకే వారానికొక మ్యాచ్ భారంగా ఉంటుంది. పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం సాధన చేసేవారిని 21 రోజుల్లో ఐదు మ్యాచ్‌లు ఆడమంటే సెమీఫైనల్ నాటికి జట్టులో నిలబడేది ఎందరు?

తల గాయాల లెక్క ఇంకా కఠినమైనది. ఆస్ట్రేలియా వృత్తి లీగు అయిన ఎన్‌ఆర్‌ఎల్ 2024 నుంచి, కంకషన్ (దెబ్బకు మెదడు అదరడం) అయినట్టు తేలిన ఆటగాడు కనీసం 11 రోజులు ఆటకు దూరంగా ఉండాలని నియమం పెట్టింది. దాన్నే మీరు ప్రమాణంగా తీసుకున్నారనుకుందాం. మొదటి రోజు గాయపడినవాడు మీ షెడ్యూల్‌లో 6వ రోజు, 11వ రోజు మ్యాచ్‌లు రెండూ కోల్పోతాడు. అదే ఆరు రోజులకొక మ్యాచ్ పెడితే 7వ రోజు మ్యాచ్ మాత్రమే పోతుంది, వైద్యుడు ఒప్పుకుంటే 13వ రోజు ఆడగలడు. ఒక్క రోజు తేడాతో ఒక మ్యాచ్ దక్కుతోంది. 2022 ప్రపంచ కప్పులో ఒక్కో జట్టుకు 24 మంది ఉన్నారు. మ్యాచ్‌కు బెంచితో కలిపి 17 మంది కావాలి కాబట్టి మిగిలేది ఏడుగురే. విమాన ఖర్చు తగ్గుతుందని మీరు ఆ 24ను 20కి తగ్గిస్తే, మూడో మ్యాచ్‌కు ఎవరో ఒకరు నొప్పిని దాచుకుని మైదానంలోకి దిగుతారు. ఆ పరిస్థితికి బాధ్యత షెడ్యూల్‌దే అవుతుంది గాని ఆటగాడిది కాదు.

నా మాట ఏమిటంటే, ఎన్ని జట్లు, ఎన్ని గ్రూపులు అన్నది ముందు తేల్చకండి. రెండు మ్యాచ్‌ల మధ్య ఎన్ని రోజులు ఉండాలి, ఉద్యోగస్థుడికి ఎన్ని రోజులు సెలవు దొరుకుతుంది అన్న రెండు విషయాలు ముందు రాసుకోండి. జట్ల సంఖ్య వాటి నుంచి దానంతటదే తేలుతుంది.

చక్రం 5

వీల్‌చైర్ మ్యాచ్‌లను “ఖాళీ రోజుల్లో సర్దవచ్చు” అన్న వాక్యం ముసాయిదాలో ఉన్నంతకాలం వీల్‌చైర్ జట్లు రావడం కష్టమేనండి. మాది పచ్చిక మైదానం మీద ఆడే ఆట కాదు, దానికి హాలు కావాలి. 2022లో గ్రూపు మ్యాచ్‌లు లండన్‌లోని కాపర్ బాక్స్‌లోను, షెఫీల్డ్‌లోని ఇండోర్ కేంద్రంలోను జరిగాయి. ఫైనల్ కోసం మాంచెస్టర్ సెంట్రల్‌లో ప్రత్యేకంగా కోర్టు ఏర్పాటు చేశారు. అలాంటి హాలు ఏ నగరంలోనైనా పచ్చిక మైదానం కంటే ముందే వేరే ఆటలకు బుక్ అయిపోతుంది.

తెలియనివారి కోసం ఆట గురించి నాలుగు మాటలు. జట్టుకు ఐదుగురు ఉంటారు. స్త్రీ పురుషులు కలిసి ఆడతారు, వైకల్యం లేనివారికి కూడా పరిమితి మేరకు చోటు ఉంటుంది. రెండు భుజాల మీద వెల్క్రోతో అతికించిన ట్యాగులు ఉంటాయి, ప్రత్యర్థి ట్యాగు లాగితే ట్యాకిల్, అంటే బంతి ఉన్నవారిని పట్టి ఆపడం, అయినట్టు. బంతిని కాలితో తన్నడానికి బదులు పిడికిలితో కొడతారు. మ్యాచ్ 80 నిమిషాలే. కుర్చీలు ఢీకొన్న చప్పుడు ఒకసారి విన్నవారెవరూ ఇది మెత్తని ఆట అనుకోరు.

ఇక ఏర్పాట్ల సంగతి. ప్రతి ఆటగాడికి సాధారణంగా రెండు కుర్చీలు ఉంటాయి, ఒకటి నిత్య జీవితానికి, ఒకటి ఆటకు. పది మంది జట్టు అంటే దాదాపు ఇరవై కుర్చీలు విమానం దిగుతాయి. ఆట కుర్చీ చక్రాలు పైన దగ్గరగా, నేల దగ్గర దూరంగా ఏటవాలుగా ఉంటాయి. కుర్చీ తిరగబడకుండా, చటుక్కున మలుపు తిరగడానికి ఆ ఏటవాలు అవసరం. దాని వల్ల కుర్చీ అడుగు భాగం వెడల్పై మామూలు తలుపులోంచి పట్టదు. హోటల్ వాళ్లు “మా గదులు వికలాంగులకు అనుకూలమే” అంటారు. ముందు గుమ్మం దగ్గర ర్యాంపు నిజంగానే ఉంటుంది. లోపల స్నానాల గది తలుపు మాత్రం నిత్యం వాడే కుర్చీకి కూడా చాలదు, షవర్ దగ్గర పట్టుకునే కడ్డీ ఉండదు. కాబట్టి ఫోన్‌లో అడిగి ఊరుకోకండి, టేపు పట్టుకుని వెళ్లి తలుపులు కొలవండి. ఆట కుర్చీలు రాత్రిపూట ఉంచడానికి కోర్టు పక్కనే తాళం వేసే గది, ట్యూబులు, టైర్లు మార్చడానికి ఒక మెకానిక్, లిఫ్టు ఉన్న బస్సులు, ఇవన్నీ హాలు ఒప్పందంలోనే రాయించాలి.

పాత రికార్డు

జట్ల సంఖ్య గురించి చరిత్ర చెప్పేది కొంత ఉంది. 1954లో ఫ్రాన్స్ రగ్బీ లీగ్ నాయకుడు పాల్ బారియేర్ చొరవతో ఫ్రాన్స్‌లో తొలి ప్రపంచ కప్పు జరిగినప్పుడు ఉన్నవి నాలుగే జట్లు. 2000లో ఒక్కసారిగా 16 జట్లకు పెంచి బ్రిటన్, ఐర్లండ్, ఫ్రాన్స్‌లలో నడిపారు. ఆ శరదృతువులో ఇంగ్లండ్‌లో వరదలు వచ్చాయి, రైళ్లు అస్తవ్యస్తమయ్యాయి, స్టేడియాలు చాలాచోట్ల ఖాళీగా కనిపించాయి, నిర్వాహకులకు నష్టం మిగిలింది. ఆస్ట్రేలియా 110–4తో రష్యాను ఓడించింది ఆ టోర్నీలోనే. ఆ తర్వాతి కప్పు మళ్లీ 2008లో గాని జరగలేదు, అదీ పది జట్లతో. 2022లో 16 జట్లు ఆడాక 2026 అక్టోబరు, నవంబరులకు ఆస్ట్రేలియా ఆతిథ్యంలో నిర్ణయించిన పురుషుల కప్పును తిరిగి పది జట్లకు కుదించారు. మహిళలకు, వీల్‌చైర్‌కు ఎనిమిదేసి జట్లు ఉంచారు. ఉత్సాహం వచ్చినప్పుడు పెంచడం, లెక్కలు చూసుకున్నాక తగ్గించడం ఈ ఆటకు కొత్త కాదు.

మీరు ఒకే నగరం ఎంచుకోవడం మాత్రం మంచి నిర్ణయం. 2000లో జరిగిన నష్టంలో కొంత భాగం దూరాలదే.

రెండో వరుస

మహిళల విభాగం గురించి. మూడేసి జట్ల గ్రూపులో ఎప్పుడూ ఒక జట్టు ఖాళీగా కూర్చుంటుంది, మూడు రౌండ్లు గడిచినా ఒక్కో జట్టు ఆడేది రెండే మ్యాచ్‌లు. అంత దూరం ప్రయాణించి వచ్చి రెండు మ్యాచ్‌లు ఆడి వెళ్లమంటే ఏ జట్టూ సంతోషించదు. దీనికి పరిష్కారం 2013 పురుషుల కప్పులో ఉంది. అప్పుడు 14 జట్లను 4, 4, 3, 3గా విడదీసి, మూడేసి జట్ల గ్రూపులు రెండింటి మధ్య అదనంగా మ్యాచ్‌లు పెట్టి అందరికీ మూడు మ్యాచ్‌లు దక్కేలా చూశారు. మీరు ఇంకొంచెం ముందుకు వెళ్లవచ్చు. ఒక గ్రూపులోని ముగ్గురూ రెండో గ్రూపులోని ముగ్గురితోనే ఆడాలి. అప్పుడు మూడు రౌండ్లు, తొమ్మిది మ్యాచ్‌లు అవుతాయి, ప్రతి రౌండులో ఆరు జట్లూ మైదానంలోనే ఉంటాయి. ఫైనల్ ఉండదు, పట్టికలో పైన నిలిచినవారే విజేతలు.

ఇంకో మాట. మహిళల జట్లకు డ్రెస్సింగ్ రూములు వేరుగా ఉండాలని అందరికీ తెలుసు, పసిబిడ్డల తల్లులైన క్రీడాకారిణులు వస్తారన్నది మాత్రం షెడ్యూల్ వేసేవారికి గుర్తుండదు. బిడ్డతో పాటు వచ్చే ఒక సంరక్షకురాలిని జట్టు సంఖ్యలో లెక్కించకుండా, ఆమె బసను టోర్నీ ఖర్చులోనే చేర్చండి. ఇది చాలా చిన్న మొత్తం. మ్యాచ్ సమయాల విషయంలో కూడా ఒక కోరిక: మహిళల మ్యాచ్‌ను ప్రతిసారీ మధ్యాహ్నం ఎండలో, పురుషుల మ్యాచ్‌కు ముందు ప్రేక్షకులు లోపలికి వస్తుండగా పెట్టకండి. 2022 నవంబరు 19న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో రెండు ఫైనల్స్ ఒకే రోజు జరగడం గొప్ప విషయమే గాని, మొదట ఆడింది మహిళలే. కనీసం ఒక రౌండులోనైనా ఆ వరుస మార్చి చూడండి.

ఖజానా

డబ్బు సంగతి ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతాను. 2025 ప్రపంచ కప్పు ఫ్రాన్స్‌లో జరగవలసి ఉండగా, ప్రభుత్వం కోరిన ఆర్థిక హామీలు కుదరక 2023 మేలో ఆ దేశం తప్పుకుంది. ఆ ప్రణాళికలో పురుషులు, మహిళలు, వీల్‌చైర్‌తో పాటు యువజన పోటీ కూడా ఉంది. హామీ లేని కలకు ఎన్ని విభాగాలు తగిలిస్తే అంత బరువు. మీ ముసాయిదాలో నాలుగో విభాగంగా పీడీఆర్‌ఎల్ చేర్చే ముందు మూడింటికి డబ్బు బ్యాంకులో ఉందో లేదో చూసుకోండి.

అయితే డబ్బు తక్కువైనప్పుడు కోత ఎక్కడ పెడతారన్నది అసలు పరీక్ష. 2022లో పాల్గొన్నందుకు ఇచ్చే రుసుమును పురుషులకు, మహిళలకు, వీల్‌చైర్ ఆటగాళ్లకు సమానంగా చెల్లించారు. మీరు రుసుము ఇవ్వగలిగినా ఇవ్వలేకపోయినా, బస, భోజనం, ఫిజియో సేవలు ఒకే స్థాయిలో ఉండాలని ముందే కాగితం మీద రాసుకోండి. పురుషులకు హోటల్, మిగిలినవారికి విద్యార్థి వసతి గృహం అన్న ఏర్పాటు చివరి నెలలో చడీచప్పుడు లేకుండా వచ్చి కూర్చుంటుంది.

విజిల్

రెఫరీల వైపు నుంచి. ఒకే ఆట అనుకుంటాం గాని, దేశానికొక అలవాటు ఉంటుంది. ఇంగ్లండ్‌లో వృత్తేతర ఆటలో ట్యాకిల్ ఎత్తును చంక కంటే కిందికి తగ్గించారు. దక్షిణార్ధ గోళంలో పెరిగినవారు భుజం ఎత్తులో పట్టుకోవడం సహజంగా నేర్చుకుంటారు. ఈ ఇద్దరూ ఎదురుపడ్డ మ్యాచ్‌లో మొదటి పది నిమిషాల్లోనే పెనాల్టీలు, వాదనలు మొదలవుతాయి. ఏ నియమావళి ప్రకారం ఆడతామో జట్లు ఇళ్ల దగ్గర సాధన చేస్తున్నప్పుడే, అంటే కనీసం నాలుగైదు నెలల ముందు ప్రకటించాలి. ముందు రోజు సాయంత్రం కెప్టెన్ల సమావేశంలో చెబితే ఒంటికి పట్టిన అలవాటు మారదు.

పీడీఆర్‌ఎల్ ప్రదర్శన మ్యాచ్ అయినా సరే రెఫరీకి ప్రత్యేక శిక్షణ కావాలి. అక్కడ తొమ్మిదేసి మంది ఆడతారు. కొందరిని పూర్తిగా ట్యాకిల్ చేయవచ్చు, ఎర్ర నిక్కరు వేసుకున్నవారిని తాకితే చాలు. అలవాటు లేని రెఫరీ బంతిని చూస్తాడు గాని నిక్కరు రంగు చూడడు, వేగంగా వస్తున్న ఆటగాడు ఎర్ర నిక్కరు మనిషిని పడగొట్టాక విజిల్ ఊదితే ప్రయోజనం లేదు.

ఆరో ట్యాకిల్

జట్లను ఎలా విడదీయాలో కూడా చర్చించాలి. 2022లో ఇంగ్లండ్ 94–4తో గ్రీస్‌ను, ఆస్ట్రేలియా 84–0తో స్కాట్లండ్‌ను ఓడించాయి. మహిళల్లో ఇంగ్లండ్ 72–4తో బ్రెజిల్‌ను ఓడించింది. ఇలాంటి మ్యాచ్‌లు ఓడినవారికి గాయాలను, గెలిచినవారికి విసుగును మిగులుస్తాయి. ఎనిమిది పురుషుల జట్లను బలాన్ని బట్టి నాలుగేసి చొప్పున రెండు అంచెలుగా పెట్టండి. ఒక్కొక్కరికి మూడు మ్యాచ్‌లు, 1, 7, 13 రోజుల్లో. సెమీఫైనల్స్ అక్కర్లేదు. రెండు వారాల సెలవులో అంతా అయిపోతుంది.

పాత రికార్డు

అంచెలకు నేను వ్యతిరేకం కాదు, అయితే బలాన్ని కొలవడం అంత తేలిక కాదని గమనించండి. అదే 2022లో ఇంగ్లండ్ ప్రారంభ మ్యాచ్‌లో సమోవాను 60–6తో చిత్తు చేసింది. సెమీఫైనల్‌లో అదే సమోవా గోల్డెన్ పాయింట్‌తో (అదనపు సమయంలో ముందుగా పాయింటు సాధించినవారే గెలిచే పద్ధతి) 27–26గా ఇంగ్లండ్‌నే ఇంటికి పంపింది. కలిసి సాధన చేయడానికి సమయం లేని జట్టు మొదటి వారంలో ఒకలా, నాలుగో వారంలో మరోలా ఆడుతుంది. పైగా పెద్ద ఓటమి అంటే వృథా అని అనుకోనక్కర్లేదు. తొలిసారి కప్పుకు వచ్చిన జమైకా న్యూజిలాండ్ చేతిలో 68–6తో ఓడింది. ఆ ఆరు పాయింట్లలో ఉన్న ట్రై (బంతిని ప్రత్యర్థి గీత దాటించి నేలకు ఆన్చడం), బెన్ జోన్స్-బిషప్ చేసినది, ప్రపంచ కప్పులో ఆ దేశపు మొదటి ట్రై. ఆ మ్యాచ్‌ను జమైకా వాళ్లు ఓటమిగా మాత్రమే గుర్తుపెట్టుకుంటారని నేననుకోను.

అందుకని అంచెలు పెట్టండి గాని, చివరి రోజున పై అంచెలో నాలుగో స్థానం జట్టుకూ కింది అంచె విజేతకూ వచ్చేసారి స్థానాలు మారతాయని ప్రకటించండి. సమాన పాయింట్లు వస్తే స్కోరు తేడాతో తేల్చకండి. పరస్పర మ్యాచ్ ఫలితాన్ని ముందు చూడండి. లేకుంటే బలహీన జట్టు మీద కనికరం లేకుండా ట్రైలు కొట్టమని మీరే ప్రోత్సహించినట్టు అవుతుంది.

షెడ్యూల్‌కర్త

చాలా ఉపయోగకరంగా ఉంది. అర్హత విషయంలో కూడా మీ అభిప్రాయాలు కావాలి. అంతర్జాతీయ నియమాల ప్రకారం పుట్టుక, తల్లిదండ్రులు, తాతలు, అమ్మమ్మ నానమ్మల ద్వారా గాని, ఐదేళ్ల నివాసం ద్వారా గాని ఒక దేశానికి ఆడవచ్చు. దాని వల్ల కొన్ని జట్లు దాదాపు పూర్తిగా వేరే దేశంలో పుట్టి పెరిగినవారితో నిండిపోతాయి. స్వదేశీ లీగులో ఆడేవారికి కొన్ని స్థానాలు కేటాయించాలని కొందరు అంటున్నారు.

ఆరో ట్యాకిల్

కేటాయించండి, కానీ సగానికి మించకండి. వలస కుటుంబాల ఆటగాళ్లు ఈ ఆటకు చేసిన మేలు చిన్నది కాదు. ఆక్లండ్‌లో పుట్టి న్యూజిలాండ్‌కు ఆడిన జేసన్ టామలోలో 2017 కప్పుకు ముందు టోంగాను ఎంచుకున్నాడు. టోంగా ఆ కప్పులో న్యూజిలాండ్‌ను 28–22తో ఓడించింది. 2019లో 16–12తో ఆస్ట్రేలియానే ఓడించింది. అంతకు ముందు ఫలితాలన్నీ ముందే తెలిసిపోయే పోటీలో ఆసక్తి పుట్టించింది వారే. అయితే మీ టోర్నీ ఉద్దేశం ఆయా దేశాల్లో ఆట పెరగడం గనుక, 24 మందిలో పది మంది ఆ దేశపు క్లబ్బుల్లో నమోదైనవారు ఉండాలన్నది న్యాయంగా అనిపిస్తుంది. మహిళలకు, వీల్‌చైర్‌కు ఆ నియమం పెట్టకండి. చాలా దేశాల్లో వారికి ఇంకా దేశవాళీ లీగే లేదు.

విజిల్

అర్హత నియమం ఏదైనా, నమోదు మొదలయ్యే లోపే ప్రకటించండి. ట్రాన్స్ మహిళలు అంతర్జాతీయ మహిళల మ్యాచ్‌లలో ఆడే విషయాన్ని, మరింత పరిశోధన జరిగే వరకు వారు ఆడరాదంటూ అంతర్జాతీయ సమాఖ్య తేల్చింది 2022 జూన్‌లో, అంటే కప్పుకు నాలుగు నెలల ముందు. ఆ నిర్ణయం మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, ఆటగాళ్లకు సంబంధించిన ఏ నిర్ణయమూ అంత ఆలస్యంగా రాకూడదు.

రెండో వరుస

మతం, ఆహారం గురించి రెండు విషయాలు. టోంగాలో ఆదివారాన్ని రాజ్యాంగమే పవిత్ర దినంగా పాటిస్తుంది, ఆ రోజు ఆటలకు అనుమతి లేదు. పసిఫిక్ దీవుల మూలాలున్న ఆటగాళ్లలో కొందరు ఎక్కడున్నా ఆదివారం ఆడడానికి ఇష్టపడరు. రంజాన్ నెల ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి, టోర్నీ ఏటేటా జరిగితే ఏదో ఒక సంవత్సరం తగులుతుంది. నమోదు పత్రంలోనే ఆడలేని రోజులు, తినలేని ఆహారం అడగండి. డ్రా తీశాక అడిగితే జవాబు చెప్పడానికి ఆటగాళ్లు జంకుతారు, తమ వల్ల షెడ్యూల్ మారిందన్న మాట ఎవరికీ ఇష్టం ఉండదు.

ఖజానా

చివరి నిమిషంలో తప్పుకునే జట్ల సంగతి మరచిపోకండి. 2021 జులైలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తప్పుకోవడంతో మొత్తం ప్రపంచ కప్పే ఏడాది వాయిదా పడింది. అదే కప్పు వీల్‌చైర్ పోటీ నుంచి నార్వే తప్పుకుంటే ఐర్లండ్‌కు చోటు ఇచ్చారు. చిన్న దేశాలకు వీసా నిరాకరణే చాలు. ప్రతి విభాగానికి ఒక ప్రత్యామ్నాయ జట్టును పిలిచి ఉంచండి. వారికి కూడా నియమావళి, అర్హత పత్రాలు మిగిలినవారితో పాటే పంపండి. తప్పుకునే గడువు దాటితే డిపాజిట్ పోతుందని ఒప్పందంలో ఉండాలి, వీసా నిరాకరణకు మాత్రం మినహాయింపు ఇవ్వాలి.

షెడ్యూల్‌కర్త

మీ సూచనల మీద ముసాయిదా ఇలా మారింది. పురుషులకు రెండు అంచెలు, మహిళలకు గ్రూపుల మధ్య మ్యాచ్‌లు, ఇద్దరికీ 1, 7, 13 రోజులు. అంటే పచ్చిక మీద మొత్తం 21 మ్యాచ్‌లు, రౌండుకు ఏడు. ఒకే రోజు ఏడు మ్యాచ్‌లకు రెండు మైదానాలు కావాలి. వీల్‌చైర్‌కు నాలుగు జట్ల లీగు, ఆపైన ఫైనల్. పీడీఆర్‌ఎల్ ఈసారికి ఒక్క మ్యాచ్, 7వ రోజున. మిగిలిన ప్రశ్న ఒక్కటే. వీల్‌చైర్ ఫైనల్‌ను కూడా 13వ రోజునే పెట్టాలా?

చక్రం 5

వద్దండి. 13వ రోజు రెండు మైదానాల్లో మ్యాచ్‌లు జరుగుతుంటే హాలుకు ఎవరు వస్తారు? 2022లో వీల్‌చైర్ ఫైనల్‌ను మిగిలిన రెండు ఫైనల్స్‌కు ముందు రోజు, శుక్రవారం రాత్రి పెట్టారు. ఇంగ్లండ్ 28–24తో ఫ్రాన్స్‌ను ఓడించిన ఆ మ్యాచ్‌కు 4,526 మంది వచ్చారు. పోటీగా ఇంకే మ్యాచ్ లేకపోవడం అందుకు ఒక కారణం. మీరు 12వ రోజు సాయంత్రం పెట్టండి. అప్పటికి పురుషుల, మహిళల జట్లన్నీ నగరంలోనే ఉంటాయి, మరుసటి రోజు మ్యాచ్ ఉంది కాబట్టి సాధన తేలికగా ముగించుకుని వాళ్లూ చూడటానికి రాగలుగుతారు. లీగు మ్యాచ్‌లు 3, 6, 9 రోజుల్లో వస్తే మాకు సరిపోతుంది. హాలు 2వ రోజు నుంచి 12వ రోజు వరకు ఒకే చేతిలో ఉండాలి, మధ్యలో ఇంకొకరికి ఇచ్చి కోర్టు గీతలు మార్చనివ్వకూడదు. ఆ తేదీలకు హాలు దొరికిందని రాతపూర్వకంగా వచ్చాకే జట్లకు ఆహ్వానాలు పంపండి.

షెడ్యూల్‌కర్త

అలాగే చేద్దాం. హాలు యాజమాన్యానికి ఈ పదకొండు రోజుల కోసం, తలుపుల కొలతలు చూసుకోవడానికి అనుమతి కోసం రేపే ఉత్తరం రాస్తాను. జవాబు వచ్చాక తేదీలతో సహా కొత్త ముసాయిదా ఇక్కడే పెడతాను.